ఆలోచిస్తున్నాను మేడం

మా భోజనాల బల్ల దగ్గర మేడంకి ఒక కుర్చీ ఉంది. గోడకి ఆనుకుని, ఫ్యాను గాలి నేరుగా తగిలే చోట. దాని మీద ఎవరి పేరూ రాసి లేదు గానీ, కొత్తగా చేరినవాళ్ళు తెలియక కూర్చుంటే మా పిన్ని వంటింట్లోంచే "అది మేడంది, లేమ్మా" అంటుంది. పిన్ని ఆడవాళ్ళ హాస్టల్ నడుపుతుంది. చదువు మధ్యలో ఆగిపోయాక నేను ఇక్కడికొచ్చి వంటకి, ఊడవడానికి, వడ్డనకి సాయంగా ఉంటున్నాను. నేను వచ్చేసరికే మేడం ఆ కుర్చీలో ఉన్నారు.

ఆవిడ దగ్గర్లోని కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతారు. గెస్ట్ లెక్చరర్. ప్రతి వేసవిలో కాలేజీ వాళ్ళు పొమ్మంటారు, సెలవులయ్యాక మళ్ళీ రమ్మంటారు. "ఇన్నేళ్ళయినా గెస్టేనా మేడం? మా ఇంటికొచ్చిన చుట్టమైతే ఈపాటికి అంట్లు తోమించేదాన్ని" అనేది పిన్ని. మేడం అందరికంటే ముందు నవ్వేవారు. మాట పడ్డప్పుడు ముందుగా నవ్వేస్తే ఆ మాట పదును పోతుందని ఆవిడకి తెలుసు.

మనిషి సన్నగా, నిటారుగా ఉంటారు. బట్టలు మడత నలగనివ్వరు. మాట్లాడితే గదంతా వినపడుతుంది, కానీ అరిచినట్టు ఉండదు. పరీక్షలైన వారంలో ఆవిడ జవాబు పత్రాల కట్ట పట్టుకుని భోజనానికి దిగితే మా బల్ల దగ్గర సందడే సందడి. అన్నిటికంటే అధ్వాన్నమైన జవాబు వెతికి తీసి, గొంతు సవరించుకుని, ఏ భావమూ లేని మొహంతో చదివేవారు. ఆకు పచ్చగా ఎందుకు ఉంటుంది అన్న ప్రశ్నకి ఎవరో "ఎండిపోలేదు కాబట్టి" అని రాశారట. పిన్ని చేతిలో గరిటె కిందపడేదాకా నవ్వింది. పై అంతస్తులో ఉండే నర్సు నీళ్ళు తాగుతూ పొలమారింది. నేనూ నవ్వాను. అక్కడితో ఆగేవారు కాదు. రాసినవాళ్ళకి ఒక పేరు పెట్టేవారు. ఆ పేరే మర్నాడు క్లాసులోనూ వినపడేదట. మూడేళ్ళూ ఆ పిల్లల్ని అదే పేరుతో పిలిచేవారని, వాళ్ళ అసలు పేర్లు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా ఉండేవి కావని, తర్వాత తెలిసింది.

ఆవిడకి పీహెచ్‌డీ చెయ్యాలని పంతం. విత్తనాలు ఎందుకు కొన్ని వెంటనే మొలుస్తాయి, కొన్ని ఏళ్ళ తరబడి మట్టిలో ఊరికే పడి ఉంటాయి అన్నది ఆవిడ విషయం. కిటికీ గట్టు మీద చిన్న చిన్న గాజు మూతల కింద తడి కాగితాలేసి గింజలు పెట్టేవారు. ఊడుస్తూ చెయ్యి తగిలిస్తానేమోనని నన్ను చూస్తూ కూర్చునేవారు. పీహెచ్‌డీ ఉంటే గెస్టు అన్న మాట పోతుంది, ఉద్యోగం ఆవిడదవుతుంది. అందుకే ఏటా రాసేవారు, ఏటా ఇంటర్వ్యూ దాకా వెళ్ళేవారు, ఏటా తిరిగొచ్చి అదే కుర్చీలో కూర్చునేవారు. మరదలు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పాట. "వదినా, మావాడు స్కూల్లో చేరాడు. మీరూ చదువుతూనే ఉన్నారుగా, ఇద్దరికీ ఒకేసారి బ్యాగులు కొనేస్తాం." మేడం ఆ మాట కూడా బల్ల దగ్గర మాకు చదివినట్టే వినిపించారు, మరదలి గొంతుతో సహా. ఈసారి మాత్రం చివర్లో ఒక మాట చేర్చారు. వచ్చే ఏడాదికి స్కాలర్‌షిప్ వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరిసారి.

ఆ ఏడే నత్త వచ్చింది.

ఆ అమ్మాయి పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడితే, మేడం కుర్చీలోంచి కదలకుండా తలెత్తి చూశారు. "ఏమే నత్తా, ఇక్కడిదాకా పాకేసరికి ఇన్నాళ్ళు పట్టిందా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆ అమ్మాయీ నవ్వింది. మేడం దగ్గర చదువుకుని, వేరే చోట ఎమ్మెస్సీ చేసి, ఇప్పుడు ఇక్కడి ల్యాబులో ఏదో ప్రాజెక్టులో చేరింది. హాస్టల్లో ఖాళీగా ఉన్నది ఒక్క మంచమే, అది మేడం గదిలోనిదే.

నత్త అన్న పేరు ఎలా వచ్చిందో మేడమే ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పారు. మొక్క వేరు కిందికే ఎందుకు పెరుగుతుంది అని పరీక్షలో అడిగారట. ఈ అమ్మాయి ఏదో రాసి కొట్టేసి, మళ్ళీ రాసి కొట్టేసి, చివరికి కాగితం అడుగున ఒకే ఒక్క మాట మిగిల్చింది. "ఆలోచిస్తున్నాను." మేడం దాన్ని క్లాసులో చదివారు. తర్వాత ఆ అమ్మాయి నోరు విప్పబోయినప్పుడల్లా వెనక బెంచీల నుంచి ఎవరో ఒకరు "ఆగండి, ఆలోచిస్తోంది" అనేవారట. డిగ్రీ పట్టా తీసుకునే రోజున కూడా అన్నారట. మేడం చెబుతుంటే నత్త తల వంచుకుని అన్నంలో కూర కలుపుతోంది. కలపడం అయిపోయినా కలుపుతూనే ఉంది. నేను ఆమె వెనకాలే పప్పు గిన్నెతో నిలబడి ఉన్నాను కాబట్టి చూశాను.

మా ఇంట్లోనూ ఆ పేరే స్థిరపడింది. ఎదురుగా నేను అక్కా అని పిలిచేదాన్ని గానీ, మనసులో నాకూ నత్తే.

ఇద్దరూ ఆ ఏడు పీహెచ్‌డీకి రాశారు. ఇద్దరూ రెండు చోట్లకి రాశారు. ఒకటి చలి ఊరు, కొండ మీద ఉంది. రెండోది సముద్రం పక్కన, ఓడలొచ్చే ఊరు. మా బల్ల దగ్గర ఆ యూనివర్సిటీల అసలు పేర్లు ఎవరికీ నోరు తిరగక కొండ, రేవు అనేవాళ్ళం. రేవులో విత్తనాల మీద పని చేసేవాళ్ళున్నారు. అందుకని మేడంకి రేవు మీదే ప్రాణం. నత్త తను రాసుకున్నది మేడంకి చూపిస్తే ఆవిడ ఎర్ర పెన్నుతో దిద్దిపెట్టారు. బాగానే దిద్దారట, నత్తే చెప్పింది. కాకపోతే అందులో ఒక వాక్యం బల్ల దగ్గర పైకి చదివారు. ఆగలేకపోయారు.

ఫలితాలు వచ్చిన రోజు నేను మెట్లు కడుగుతున్నాను. నత్త పైనుంచి దిగుతూ నా పక్కన ఆగి, ఫోన్ నా ముందు పెట్టింది. నాకేం అర్థం కాలేదని గ్రహించి, "రెండూ వచ్చాయి" అంది. గట్టిగా అనలేదు. తడి మెట్టు మీద అలాగే కూర్చుంది, బట్టలు తడుస్తాయని కూడా చూసుకోలేదు. మేడంకి కొండ నుంచి రాలేదు. రేవు నుంచి వచ్చింది, వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు అని.

ఆ మధ్యాహ్నం నర్సు అందరికీ విడమరిచి చెప్పింది. సీటు వచ్చినవాళ్ళు నెలాఖరులోగా ఒప్పుకోవాలి, లేదా వదులుకోవాలి. వదిలితే వెయిటింగ్ లిస్టులో ముందున్నవాళ్ళకి పోతుంది. అంటే నత్త రేవు వదిలితే మేడం రేవుకి వెళతారు. వదలకపోతే వెళ్ళరు. అంతే సంగతి. చిన్నపిల్లకి కూడా అర్థమయ్యే సంగతి. పిన్ని చేతులు తుడుచుకుంటూ, "అయితే ఇప్పుడు మేడం పరీక్ష పేపరు నత్త దిద్దుతుందన్నమాట" అంది. ఆ రోజు మేడం ముందుగా నవ్వలేదు.

మర్నాడు పొద్దున మేడం వంటింట్లోకి వచ్చి టీ అడిగారు. తన గ్లాసు పట్టుకుని ఇంకో గ్లాసు కూడా పొయ్యమన్నారు. రెండూ పట్టుకుని మెట్లెక్కారు. మా హాస్టల్లో ఎవరి టీ వాళ్ళు దిగొచ్చి తాగాల్సిందే. జ్వరమొస్తే నేను తీసుకెళ్ళి ఇస్తాను. పిన్ని నా వైపు చూసి కనుబొమలెగరేసింది.

అలా మొదలైంది. తర్వాతి వారానికి కిటికీ పక్క మంచం నత్తదైంది. తనకి వెలుతురు పడితే తలనొప్పి వస్తోందని మేడం అన్నారు. గింజల గాజు మూతలన్నీ బాత్‌రూం పక్క అల్మారాలోకి మారాయి. స్నానానికి వేణ్ణీళ్ళ వంతు నత్తకి ముందు వచ్చేది. "ఏమే నత్తా" అన్న పిలుపు పోయి "అమ్మా" వచ్చింది, మరో నాలుగు రోజులకి "ఏంటి తల్లీ, కూర వేసుకోలేదు?" అన్నదాకా వెళ్ళింది. ఇస్త్రీ పెట్టె వేడిగా ఉన్నప్పుడు తన బట్టలతో పాటు నత్త చొక్కాలూ చేసేవారు. ఆ చొక్కాల కాలర్లు మడత తిప్పి ఇస్త్రీ చెయ్యడం మేడంకి మాత్రమే వచ్చు. అంత నిక్కచ్చిగా మడత పెట్టి, మంచం మీద పెట్టి, ఏమీ చెయ్యనట్టు పుస్తకం తీసుకుని కూర్చునేవారు.

నత్త రోజూ రాత్రి భోజనాల దగ్గర ఆలోచించేది. పైకి ఆలోచించేది. కొండకెళితే గైడు మంచివాడట, కానీ చలి. రేవులో ల్యాబు కొత్తదట, కానీ గదులు దొరకవట. కొండలో ఇద్దరే పిల్లలున్నారట గైడు దగ్గర, రేవులో గైడు దగ్గర ఒక బెటాలియన్. అందరినీ అడిగేది. పిన్నిని అడిగితే, పిన్ని "చేపలు దొరికే ఊరికి పో" అంది. నర్సుని అడిగితే కొండ అంది. నన్ను కూడా అడిగింది, నేను సిగ్గుపడి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఒక్క మేడంని అడగలేదు. మేడం కంచంలో చూపు పెట్టుకుని తింటూ, రేవు అన్న మాట వచ్చినప్పుడు నమలడం ఆపేవారు.

ఎప్పుడైనా ఆగలేక, "ఏదో ఒకటి తేల్చుకుంటే నీకూ మనసు కుదుటపడుతుంది కదమ్మా" అనేవారు.

"ఆలోచిస్తున్నాను మేడం" అనేది నత్త.

మొదటిసారి ఆ మాట విన్నప్పుడు అందరం మేడం వైపు చూశాం. తర్వాత పిన్ని పకపకా నవ్వింది. ఆ తర్వాత రోజూ ఆ మాట కోసమే ఎదురుచూసేవాళ్ళం. నిజం చెప్పాలంటే, అందరమూ ఎదురుచూసేవాళ్ళం. పిన్ని కావాలని కదిపేది. "ఏమైంది నత్తా, తేలిందా?" అని అడిగి మేడం వైపు చూసేది. జవాబు పత్రాల వారం అయిపోయాక మా బల్ల ఇంత సరదాగా ఉన్నది ఆ నెలలోనే.

నర్సు ఒక్కతే మేడంని పక్కకి పిలిచి మాట్లాడింది. నేను బట్టలు ఆరేస్తున్నాను. సూటిగా అడిగెయ్యమంది. వదులుతావా లేదా అని ఒక్క ముక్క. మేడం తల అడ్డంగా ఊపారు. "నా స్టూడెంటు అది. దాన్ని నేను బతిమాలనా? అడగ్గానే కావాలని పట్టుకుని కూర్చుంటుంది. దాని సంగతి నాకు తెలుసు." అయితే పోనీ రేవు ఆఫీసుకే ఫోన్ చేసి కనుక్కోమంది నర్సు. దానికి మేడం దాదాపు భయపడ్డారు. సెలెక్షన్ వాళ్ళకి ఫోన్లు చేసేవాళ్ళంటే ఒళ్ళుమంట అని, అలాంటి పేర్ల పక్కన చుక్క పెట్టుకుంటారని, ఆ చుక్క పడితే ఇక అంతేనని ఆవిడ నమ్మకం. ఈ చుక్క సంగతి మా హాస్టల్లో చదువుకునే పిల్లలందరికీ ఆవిడే నేర్పారు. ఎవరూ ఏ ఆఫీసుకీ ఫోన్ చేసేవారు కాదు. చుక్కని ఎవరూ కళ్ళతో చూడలేదు కూడా.

నెల సగం దాటాక నత్త ఒక ఉన్ని కోటు కొనుక్కొచ్చింది. మోకాళ్ళ దాకా ఉంది, బొద్దుగా, ఇక్కడి ఎండకి చూస్తేనే చెమటలు పట్టేలా. డాబా మీద తీగకి వేసి దులుపుతుంటే మేడం చూశారు. నేను గిన్నెలు ఆరబెడుతూ మేడంని చూశాను. ఆవిడ మొహం విప్పారింది. ఉన్ని కోటు రేవులో ఎవరికి కావాలి? కొండకే వెళుతోంది. ఆ సాయంత్రం మేడం బజారుకి వెళ్ళి గొడుగు కొనుక్కొచ్చారు. రేవులో వానలెక్కువ. నల్లది, పొడుగాటిది, గాలికి తిరగబడనిది. తలుపు వెనక మేకుకి తగిలించారు. నన్ను పిలిచి, పిన్నికి చెప్పొద్దని, తను వెళ్ళాక తన పాత పుస్తకాలు నాకు ఇచ్చేస్తానని అన్నారు. నీ అంతట నువ్వే పరీక్షకి కట్టొచ్చు, ఇంత చూసే కళ్ళున్నాయి, చదివితే వస్తుంది అన్నారు. ఎవరూ నాతో అలా మాట్లాడలేదు. ఆ రోజుల్లో ఆవిడ అందరితోనూ మంచిగా ఉన్నారు. నడుస్తుంటే చిన్నగా కూనిరాగం కూడా తీసేవారు.

బల్ల దగ్గర మాత్రం నత్త ఇంకా ఆలోచిస్తూనే ఉంది.

గడువు చివరి రోజు. ఆ రాత్రి మేడం ఫోన్ కంచం పక్కనే పెట్టుకున్నారు, అద్దం పైకి ఉండేలా. అన్నం ముట్టుకోలేదు. నత్త మామూలుగా తింటోంది. రెండోసారి అన్నం పెట్టించుకుంది. పిన్నే మొదలుపెట్టింది.

"ఇవాళతో ఆఖరట కదా. ఇంతకీ కొండా, రేవా?"

"కొండే పిన్నిగారూ. వాళ్ళకి రాసేశాను కూడా."

మేడం ఊపిరి వదలడం నాకు వినపడింది. చేత్తో కంచం కొంచెం జరిపి, చాలా నెమ్మదిగా అడిగారు. "మంచిదమ్మా. మరి రేవు వాళ్ళకి... ఇవాళ రాస్తావా, వద్దని?"

నత్త తలెత్తింది. "రేవుదా? అది ఎప్పుడో వదిలేశానుగా మేడం."

"ఎప్పుడు?"

"రెండూ వచ్చిన రోజు రాత్రే."

మేడం ఫోన్ వైపు చూశారు. అది నల్లగా ఉంది. మళ్ళీ నత్త వైపు చూశారు.

"చెప్పలేదే నువ్వు."

"మీరు అడగలేదుగా." నత్త గొంతులో కోపం లేదు. చేతికి అంటిన మెతుకులు ఒక్కొక్కటే కంచం అంచుకి తుడుస్తోంది. "మర్నాడు మీకు చెబుదామనే పొద్దున్నే లేచాను మేడం. నిజంగా. మీరు నాకు టీ పట్టుకొచ్చారు. మీ చేత్తో, మెట్లెక్కి. ఆగిపోయాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. మర్నాడు మళ్ళీ తెచ్చారు."

అప్పుడు పిన్ని కూడా నవ్వలేదు. నర్సే తేరుకుని, వదిలేసి ఇన్నాళ్ళయితే మేడంకి కబురు రావాలిగా, ఎందుకు రాలేదు అంది. దానికి నత్త భుజాలెగరేసింది. అది తనకి తెలియదంది. తనూ రోజూ అదే చూస్తున్నానంది, ఇవాళ వస్తుందేమో, రేపు వస్తుందేమో అని.

మర్నాడు పొద్దున ఆఫీసులు తెరిచే వేళకి మేడం మెట్ల మలుపు దగ్గర నిలబడ్డారు. ఫోన్ అక్కడే సరిగ్గా పలుకుతుంది. నేను వరండా తుడుస్తున్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆవిడ ఒక ఆఫీసుకి ఫోన్ చేశారు. క్లాసులో పలికే గొంతుతో తన పేరు, నంబరు చెప్పారు. అవతలి గుమాస్తా ఎవరో మర్యాదస్తుడే అనుకుంటాను, చాలాసేపు విడమరిచి చెప్పాడు. నాకు మేడం మాటలే వినపడ్డాయి. ఆవిడకి ఒక అలవాటుంది, ఎవరు ఏం చెప్పినా సరిగ్గా విన్నానా అని తిరిగి అప్పజెబుతారు.

"వెయిటింగ్ లిస్టు ఒకటి కాదా... ఒక్కో గైడుకి ఒక్కోటి. సరే. నా పేరు విత్తనాల సార్ దగ్గర మొదటిది. ఆ అమ్మాయి వదిలింది ఇంకో సార్ దగ్గర సీటు. సరే." కాసేపు ఆగారు. "ఆ సార్ లిస్టులో ఎవరూ లేక ఖాళీగా ఉండిపోయింది... ఎన్నాళ్ళు? రెండు వారాలు." మళ్ళీ ఆగారు. "అడిగిన వాళ్ళకి ఇచ్చేశారు. ఎవరో ఫోన్ చేశారు. విత్తనాల సార్ లిస్టులో నాకంటే కింద ఉన్న అబ్బాయి. అంటే, నేను ఫోన్ చేసి ఆ సార్ దగ్గరికైనా వస్తానంటే..."

ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. అవతలివాడు పూర్తి చేసినట్టున్నాడు. "థాంక్యూ అండీ" అన్నారు. పెట్టేశాక కూడా ఫోన్ చెవి దగ్గరే ఉంచుకున్నారు. నేను గుడ్డ పిండుతున్న చప్పుడికి ఇటు తిరిగి, "ఇంకా అక్కడ మరక ఉంది చూడు" అన్నారు. నిజంగానే ఉంది.

నత్త ఆ వారాంతమే బయల్దేరింది. ఉన్ని కోటు వల్ల పెట్టె మూత పడలేదు. నేను సాయం పట్టడానికి వెళ్ళేసరికి మేడం అప్పటికే పెట్టె మీద మోకాలు పెట్టి నొక్కుతున్నారు. తాళం పడింది. ఇద్దరూ ఒకరికి ఎదురుగా ఒకరు నిలబడ్డారు. నత్త ఏదో అనాలనుకుంటోందని తెలుస్తోంది. పెట్టె పిడి పట్టుకుని వదిలి, మళ్ళీ పట్టుకుంది.

"మేడం, వేరు కిందికి ఎందుకు పెరుగుతుందో నాకు అప్పుడూ తెలుసు."

"మరెందుకు రాయలేదు?"

"రెండు కారణాలు తెలుసు. భూమ్యాకర్షణ వల్లా, నీళ్ళ కోసమా, ఏది రాయాలో తేల్చుకోలేకపోయాను. అంతే. మీరు నన్ను పిలిచి అడిగి ఉంటే రెండూ చెప్పేదాన్ని."

మేడం ఆమె కాలర్ మడత సరిచేశారు. తనే ఇస్త్రీ చేసిన చొక్కా అది. "రెంటిలో ఏది రాసినా మార్కులు వేసేదాన్నే నత్తా. చలికి జాగ్రత్త" అన్నారు.

నత్త దిగి వెళ్ళిపోయింది. ఆటో చప్పుడు వీధి మలుపు తిరిగాక మేడం కిటికీ పక్క మంచం మీది దుప్పటి తీసి నా చేతికిచ్చారు, ఉతకమని. అల్మారాలోంచి గాజు మూతలు తెచ్చి మళ్ళీ గట్టు మీద పేర్చారు. ఆ నెల్లాళ్ళూ వాటి మొహం ఎవరూ చూడలేదు. తడి కాగితాలు ఎండి పెచ్చులు కట్టాయి. కొన్ని గింజలు చిన్న తెల్ల మొలక వేసి, అలాగే ఎండిపోయాయి. వాటిని గోటితో గీకి చెత్తబుట్టలో వేశారు. పుస్తకాల సంగతి నేను అడగలేదు, ఆవిడా ఎత్తలేదు. ఎక్కడికీ వెళ్ళడం లేదు కాబట్టి ఇవ్వాల్సిన పనీ లేదు.

వేసవి వచ్చింది, కాలేజీ వాళ్ళు పొమ్మన్నారు. సెలవులు అయ్యాయి, రమ్మన్నారు. పిన్ని కొన్నాళ్ళు మేడం దగ్గర గెస్టు మాట ఎత్తకుండా ఉగ్గబట్టుకుని, ఒక రోజు ఎత్తేసింది. మేడం ముందుగా నవ్వారు. మరదలు ఫోన్ చేసింది. నల్ల గొడుగు తలుపు వెనక అలాగే ఉంది. వాన పడితే మేడం తడుస్తూ వెళతారు గానీ దాన్ని తియ్యరు. నేను దుమ్ము దులుపుతాను, అంతే.

మొదటి పరీక్షలయ్యాక ఆవిడ జవాబు పత్రాల కట్టతో భోజనానికి దిగారు. అందరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. మేడం తన కుర్చీలో కూర్చుని, కట్ట విప్పి, ఒక్కొక్కటే తిరగేసి, ఒకదాన్ని పైకి లాగారు. గొంతు సవరించుకున్నారు. నర్సు కంచం తీసుకుని లేచి పైకి వెళ్ళిపోయింది. ఆమె మెట్లెక్కేదాకా మేడం ఆగారు.

ప్రశ్న, గింజ మొలవాలంటే ఏమేం కావాలి అని. రాసినది ఎవరో కొత్త పిల్ల. గుండ్రటి అక్షరాలు, నా వైపు నుంచి కూడా కనపడుతున్నాయి. "నీళ్ళు, గాలి, వెచ్చదనం" అని మేడం చదివారు. ఏ భావమూ లేని మొహంతో ఒక్క క్షణం ఆగి, చివరి మాట చదివారు. "మరియు ఎవరిదైనా అనుమతి."

పిన్ని పొట్ట పట్టుకుంది. నాకూ నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. అది నిజంగా నవ్వొచ్చే జవాబు, మేడం చదివిన తీరూ అలాంటిదే. ఆవిడ మా నవ్వు తగ్గేదాకా కాచుకుని, ఎర్ర పెన్ను మూత తీసి, కాగితం మీద సున్నా చుట్టి, ఇక ఆ పిల్లని ఏమని పిలవాలో నిదానంగా ఆలోచించసాగారు.